నర్సమ్మను ఇంటికి తెచ్చిన రైలు పెట్టె

వైకుంఠ రథం ఎదురైతే మనం పక్కకు తప్పుకుని దణ్ణం పెడతాం. లోపల ఎవరున్నారో తెలియకపోయినా సరే. ఆ పని అయ్యాక ఆ బండి ఏమవుతుందో మాత్రం పట్టించుకోం. ఇంగ్లండులో ఒక రైలు పెట్టె ఉంది. రెండేళ్లలో ముగ్గురి శవపేటికలను మోసింది. మోసి, మళ్లీ మామూలుగా పార్సిళ్లు వేసుకుని ఊళ్లు తిరిగింది!

అసలు దాన్ని చేసింది పార్సిళ్ల కోసమే. 1919లో ఆష్‌ఫర్డ్ వర్క్‌షాపులో తయారైంది. నాలుగు చక్రాలు, చెక్క గోడలు, నంబరు 132. ఆ రకంలో అదే మొట్టమొదటి పెట్టె. ఆ ఏడాది మే 15న డోవర్ రేవు నుంచి లండన్ విక్టోరియా స్టేషన్‌కి అందులో వచ్చింది ఒక నర్సు పార్థివ దేహం. పేరు ఎడిత్ కావెల్.

ఈవిడ ఒక పల్లెటూరి చర్చి ఫాదరీ గారి అమ్మాయి. 1907లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో నర్సుల స్కూలు నడపడానికి వెళ్లింది. మర్యాదస్తుల ఇంటి ఆడపిల్ల జీతానికి పని చెయ్యడమేమిటని అక్కడివాళ్లు ముక్కున వేలేసుకునే రోజులవి. (మన దగ్గరా నర్సు సంబంధమంటే మొహం చిట్లించిన అత్తగార్లు తక్కువేం కాదు లెండి.) మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఊరిని పట్టుకున్నా ఆవిడ కదల్లేదు. గాయపడి వచ్చింది జర్మనా, మిత్రపక్షమా అని చూడకుండా కట్లు కట్టింది. దాంతో ఆగలేదు. చిక్కుకుపోయిన సైనికులను సుమారు రెండు వందల మందిని దాచి, సరిహద్దు దాటించింది. 1915 ఆగస్టులో పట్టుకున్నారు. అడిగితే దాచకుండా ఒప్పుకుంది. అక్టోబరు 12 తెల్లవారుజామున కాల్చి చంపారు. వయసు 49. ఎవరి మీదా తనకు ద్వేషం ఉండకూడదని ముందు రాత్రి పాస్టరు గారితో చెప్పిందట.

యుద్ధం ముగిశాక లండన్‌లో ప్రార్థన జరిపి, అదే రోజు సొంత జిల్లాలోని నార్విచ్ కెథెడ్రల్ పక్కన ఖననం చేశారు.

రెండు నెలలకి అదే పెట్టెలో జర్మన్లు చంపిన ఓడ కెప్టెన్ చార్లెస్ ఫ్రయట్ వచ్చాడు. 1920 నవంబరు 10న వచ్చిన మూడో మనిషికి పేరే లేదు. యుద్ధభూమిలో దొరికిన, ఎవరో తెలియని ఒక సైనికుడు. చీకటి పడ్డాక రైలు బయల్దేరింది. ఏ పెట్టెలో ఉన్నాడో దారి పొడవునా నిలబడ్డ జనానికి తెలియాలని కప్పుకి తెల్ల రంగు వేశారు. కొడుకు ఎక్కడ పడిపోయాడో, ఎక్కడ పూడ్చారో తెలియని తల్లులు ఎంతమందో! ఆ తెల్ల కప్పు కింద ఉన్నది నా బిడ్డేనేమో అనుకోవడానికి ప్రతి ఒక్కరికీ వీలుంది. మర్నాడు వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ముఖ్య అతిథుల మర్యాద దక్కింది రాణులకి కాదు. భర్తనూ, కన్న కొడుకులందరినీ పోగొట్టుకున్న సుమారు వంద మంది ఆడవాళ్లకి.

తర్వాత పెట్టె యథాప్రకారం సామాన్లలోకి వెళ్లిపోయింది. ఆ నమూనాలో వందల పెట్టెలు వచ్చాయి. వాటి మధ్య ఇదీ ఒకటి. చెక్క సంగతి మనకి తెలియనిదా? పాత ఇంటి తలుపుకి చూడండి, ఒక్క చోట నీళ్లు దిగాయంటే పలక పలకా పుచ్చుకుంటూ పోతుంది. రైళ్లలో కాలం చెల్లిన చెక్క పెట్టెలకి సాధారణంగా పట్టే గతి పొయ్యిలోకో, ఇనుప సామాన్ల కొట్టుకో.

ఇది మిగలడానికి కారణం కెంట్ అండ్ ఈస్ట్ ససెక్స్ రైల్వే వాళ్లు. పేరు పెద్దదే గానీ అది ఆవిరి బండ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు, ఎక్కువగా స్వచ్ఛందంగా నడుపుకునే చిన్న లైను. 2009 చివర్లో 35 వేల పౌండ్లు కావాలని జనాన్ని అడిగారు. 2010 నవంబరుకి, అంటే ఆ అనామక సైనికుడు వచ్చి సరిగ్గా తొంభై ఏళ్లయ్యేసరికి, పెట్టెను సిద్ధం చేశారు.

నాకు నచ్చింది ఒకటి. ఇంత పేరున్న పెట్టె కదా అని నగిషీలు చెక్కి రథంలా తయారు చెయ్యలేదు. పార్సిల్ పెట్టెను పార్సిల్ పెట్టెలాగే ఉంచారు. కప్పుకి మాత్రం ఆనాటి తెల్ల రంగు. లోపల సైనికుడి శవపేటికకి నకలు ఒకటి పెట్టారు.

మామూలుగా దాన్ని ఉంచేది బోడియం అనే చిన్న స్టేషన్‌లో. కెప్టెన్‌గారినీ, దేశమంతా తలవంచిన సైనికుణ్ణీ మోసినా, ఆ పెట్టెకి జనం పెట్టుకున్న పేరు ‘కావెల్ వ్యాన్’. ఆ రకం పెట్టెలన్నింటినీ రైల్వే కూలీలు అదే పేరుతో పిలిచేవాళ్లు. చేపల బుట్టలు ఎక్కించేటప్పుడు కూడా!