భూమి అయస్కాంత స్పందనములు

బాపులపాటి మామిడితోటలో చెట్టు నీడను కూర్చుండి దిక్సూచి నొకదానిని అరచేత నుంచుకొన్నచో, దాని ముల్లు ఉత్తరమునకు మొగమై కదలక నిలిచియుండును. కదలదనుట మన కంటి భ్రమ. ఆ ముల్లును నిలుపు భూమి అయస్కాంత బలము మన ప్రాంతమున సుమారు 40 వేల నానోటెస్లాలు. అందొకటియో, అంతకు తక్కువయో పగటివేళ తరచుగా ఇరువది ముప్పది సెకండ్ల కొకమారు హెచ్చి తగ్గుచుండును. నాడివలె కొట్టుకొను నీ కదలికకే అయస్కాంత స్పందనమని పేరు.

1859 సెప్టెంబరులో మహాయస్కాంత తుపాను చెలరేగినపుడు, ఇంగ్లండులోని క్యూ వేధశాలలో నమోదైన రేఖలయందు ఇట్టి స్పందనములను బాల్ఫర్ స్టూవర్టు గుర్తించి 1861లో ప్రకటించెను. కారణము తెలియుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. అయస్కాంత బలరేఖలవెంట అలలు పరుగెత్తగలవని 1942లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్వేన్ చెప్పెను. రెండుకొనల బిగించిన వీణతీగవలె భూమి బలరేఖలును మ్రోగునని 1954లో డంజీ సూచించెను.

మరి ఆ తీగను మీటున దెవరు? సూర్యునినుండి సెకండుకు సుమారు 400 కిలోమీటర్ల వేగమున వీచు సౌరవాయువు. అది మన అయస్కాంత కవచమునకు ముందు అడ్డుపడి మందగించుచోట, కొన్ని కణములు వెనుకకు మరలి, ఎదురువచ్చు వాయువులో అలలు లేపును. ఆ అలలు కవచములోనికి చొచ్చి మన నేలను చేరును. ఇందొక చక్కని లెక్క గలదు. సౌరవాయువు మోసికొనివచ్చు అయస్కాంత బలము 5 నానోటెస్లాలైన స్పందనమునకు సుమారు 33 సెకండ్లు పట్టును. 10 అయినచో అందులో సగమే. అనగా నేలపై గడియారము పట్టుకొని అంతరిక్షపు బలమును అంచనా వేయవచ్చును! ఐతే ఆ బలము సూర్యునివైపు వాలక అడ్డముగా నున్నచో అలలు పుట్టుటయే అరుదు. కావున స్పందనము లేకున్నంతమాత్రమున ఆకాశము ప్రశాంతమని తలపరాదు.

లెక్క సరియో కాదో చూచుటకు అంతరిక్షమునను ఒక సాక్షి కావలెను. శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 నౌక, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన స్థానము చేరినది. దానిలో అయస్కాంతమాపకము గలదు. అక్కడ తాకిన వాయువు మనలను చేర సుమారు గంట పట్టును. నేలపై కొలతలను ఆ గంట వెనుకకు జరిపి పోల్చవలయును. వాయువేగము మారిన గంటయు మారును. తొందరపడువా రిచటనే పొరబడుదురు.

ఇంకొక చిక్కు మన యింటిదే. నూజివీడు పేరుగల రైల్వేస్టేషను నూజివీట లేదు. మన హనుమాన్ జంక్షను వద్ద నున్నది. ఆ దారిని పోవు రైలు చాలును, సమీపమందలి సున్నితపు యంత్రమును కలవరపెట్టుటకు. బొంబాయికి విద్యుత్ ట్రాములు రానున్నవనియే కొలాబా వేధశాల పనిని అలీబాగుకు తరలించిరి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారును నగరపు సందడికి దూరముగా చౌటుప్పల్‌లో వేధశాల నడపుచున్నారు. ఒకచోట మాత్రమే కనబడిన కదలికను నమ్మరాదు. చౌటుప్పల్‌లోను, వందల కిలోమీటర్ల యెడముగల అలీబాగులోను ఒకేసారి కనబడినది ఏ రైలుదియు కాజాలదు.