జపాన్ వేడినీళ్లలో నాన్నతో వీకెండ్

"బట్టలన్నీ ఇక్కడే విప్పాలా?" అన్నాడు నాన్న.

"అన్నీ" అన్నాను గోడ వైపు చూస్తూ.

హకోనేలో ఒక ఖరీదైన రియోకాన్. అందులో మగవాళ్ల స్నానాల గదికి ముందుండే చిన్న గది. నాకు 29 ఏళ్లు, టోక్యోలో నాలుగేళ్లుగా కోడింగ్ చేస్తున్నాను. అర్ధరాత్రి సర్వర్ పడిపోయి మేనేజర్ ఫోన్ చేసినప్పుడు కూడా నాకింత చెమట పట్టలేదు.

అమ్మానాన్న మొదటిసారి జపాన్ వచ్చారు. టోక్యో చూపించాం, ఫుజి కొండ దూరం నుంచి చూపించాం. నాన్న దేనికీ పెద్దగా కదల్లేదు. "బాగుంది" అని ఒక ముక్క, అంతే. అమ్మయితే మా వంటింట్లోంచి బయటికి రావడమే లేదు. మాకు వండిపెట్టడానికే విమానం ఎక్కినట్టుంది. "ఒక్క వీకెండైనా అత్తయ్యని స్టవ్‌కి దూరంగా తీసుకెళ్దాం" అంది నా భార్య. అలా బుక్ చేశాం.

రియోకాన్ అంటే జపాన్ పాత పద్ధతి సత్రం. సత్రం అన్నానని చవక అనుకోకండి. గదికి కాదు, మనిషికింత అని లెక్కగడతారు. రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ అందులోనే. మేం తీసుకున్నది గది బయటే సొంత వేడినీళ్ల తొట్టి ఉన్న రకం. అమ్మ పదిమందిలో స్నానానికి దిగదని ముందే తెలుసు. నలుగురికీ కలిపి రెండు లక్షల యెన్లు. మన లెక్కలో లక్ష రూపాయల పైమాటే. అమ్మకి పదిహేను వేలని చెప్పాను. దానికే "ఒక్క రాత్రికా?" అని రెండు రోజులు గొణిగింది.

షింజుకు స్టేషన్ నుంచి రొమాన్స్ కార్ అనే రైలెక్కితే గంటన్నరలోపు హకోనే యుమోతోలో దింపుతుంది. ఆ పేరు విని అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్కడి నుంచి కొండ రైలు. 1919 నుంచి నడుస్తోంది. కొన్నిచోట్ల ప్రతి వెయ్యి మీటర్లకీ 80 మీటర్లు పైకెక్కుతుంది. మధ్యలో మూడుచోట్ల ఆగి, వెనక్కి తిరిగి, జిగ్‌జాగ్‌గా ఎక్కుతుంది. అలా ఆగినప్పుడల్లా డ్రైవరు, కండక్టరు చోట్లు మార్చుకుంటారు. టోక్యో టవర్ దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ నాన్న ఇక్కడ కిటికీకి అతుక్కుపోయాడు. "బ్రేకు ఎట్లా వేస్తున్నాడ్రా వీడు?" నాకు తెలియదు. బీటెక్ చదివించింది ఎందుకన్నట్టు చూశాడు.

రియోకాన్ గుమ్మంలో చెప్పులు విప్పేశాం. గదిలో గడ్డితో నేసిన తతామి చాపలు, పొట్టి బల్ల. మంచాల్లేవు. అమ్మ మొహం వెలిగింది. "మన పాత ఇల్లులాగే ఉందిరా." మన పాత ఇంటికి లక్ష రూపాయలు ఇచ్చామన్నమాట.

కట్టుకోవడానికి యుకాతాలు ఇచ్చారు. నూలు గౌనులా ఉంటుంది, నడుముకి పట్టీ. నాన్న తనంతట తనే చుట్టేసుకున్నాడు. టీ తెచ్చినావిడ చూసి, గబుక్కున మోకాళ్ల మీద కూర్చుని, నవ్వుతూనే ఆయన అంచులు మార్చేసింది. ఎడమ అంచు పైన ఉండాలట. కుడి అంచు పైకి వేసేది శవానికి. ఈ సంగతి నాన్నకి మర్నాడు చెప్పాను.

ఇక మొదటి సీన్‌కి వద్దాం. పెద్ద స్నానాల గదిలో బట్టలతో దిగడం కుదరదు. మగవాళ్లకి, ఆడవాళ్లకి విడివిడి గదులుంటాయి కానీ లోపల అడ్డాలుండవు. చేతిలో జానెడు తువ్వాలు ఒక్కటే, అదీ నీళ్లలో ముంచకూడదు. అందరూ మడిచి నెత్తిన పెట్టుకుంటారు. నేను ఆఫీసు వాళ్లతో రెండు మూడుసార్లు వెళ్లాను, ఇబ్బంది లేదు. కానీ నాన్నతో అంటే? మా ఇంట్లో ఆయనా నేనూ పక్కపక్కన కూర్చుని పది నిమిషాలు మాట్లాడుకున్నది తక్కువ. ఫోన్ చేస్తే "తిన్నావా, ఇదిగో మీ అమ్మకిస్తున్నా" అంటాడు.

గోడకి అద్దాల చట్రంలో ఒక కాగితం ఉంది. నాన్న దాని ముందు ఆగాడు. "ఇదేంది, గ్యాస్ రిపోర్టా?" ఆయన ఊహ మరీ దూరమేం కాదు. నీళ్ల రిపోర్టది. ఊట దగ్గర ఎంత వేడి, ఏయే ఖనిజాలు, ఏ జబ్బున్నవాళ్లు దిగకూడదు, అన్నీ రాసి పెట్టాలి. 1948లో చేసిన చట్టం ప్రకారం ఒన్‌సెన్ అనిపించుకోవాలంటే ఊట దగ్గర నీళ్లు 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా చెప్పిన 19 పదార్థాల్లో ఒక్కటైనా తగినంత ఉండాలి. అంటే లెక్కలో వేడినీళ్లే కానక్కర్లేదు. ఇది విన్నప్పుడు ఎవరో కోడ్‌లో 'అండ్' బదులు 'ఆర్' రాశారనిపించింది నాకు.

ఆ పక్కనే ఇంకో బోర్డు. పచ్చబొట్టు ఉన్నవాళ్లకి ప్రవేశం లేదు. జపాన్‌లో ఒళ్లంతా పచ్చబొట్లంటే యాకుజా గ్యాంగుల గుర్తు. ఆ భయంతో చాలాచోట్ల ఈ రూల్ పెట్టారు. ఇప్పుడు కొన్నిచోట్ల స్టిక్కరు అంటించి కప్పుకోనిస్తున్నారు. నేను చదివి వదిలేశాను. మాకెవరికీ పచ్చబొట్లు లేవు కదా.

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని తలుపు తోసుకుని లోపలికి నడిచాడు. సిగ్గుపడింది నేనే.

"మా బాయి కాడ ఇంతేరా. షిఫ్టు దిగినాక అందరం ఒక్కకాడే పోసుకునేది. తువ్వాల కట్టుకునేటోళ్లం, అదొక్కటే తేడా."

మాది బొగ్గు బెల్టు. మా వైపు గనిని బాయి అంటారు. నాన్న ముప్పై ఏళ్లు అండర్‌గ్రౌండ్‌లో పనిచేశాడు. మొదట్లో తట్టతో బొగ్గెత్తి టబ్బులు నింపేవాడు. పిట్‌హెడ్ బాత్ అన్న మాట చిన్నప్పుడు విన్నదే. అక్కడ ఒంటి నలుపు వదిలించుకుని ఇంటికొచ్చేవాడు కాబట్టి, నాన్న నల్లగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

తొట్టిలో దిగే ముందు చిన్న స్టూలు మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. నీళ్లు అందరివీ కదా. నాన్న తువ్వాలు నా చేతికిచ్చి, "వీపు రుద్దు" అన్నాడు, రోజూ అడిగేదే అన్నట్టు.

రుద్దుతుంటే కనపడ్డాయి. కుడి భుజం ఎముక నుంచి నడుము దాకా నీలంగా ఐదారు గీతలు, చుక్కలు. బనియన్ అంచు దగ్గర ఒకటి రెండు ఎప్పుడూ కనపడేవే. నరాలనుకునేవాణ్ణి. ఆ వెలుగులో, జానెడు దూరంలో, అచ్చం పచ్చబొట్టులా ఉన్నాయి. బోర్డు గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. ఎవరైనా వచ్చి, మీ నాన్నగారిని బయటికి తీసుకెళ్లండి అంటే? నా ఆఫీసు జపనీస్‌తో ఏం సర్దిచెప్పాలి? తువ్వాలు ఆయన వీపు మీద పరిచేసి అటూ ఇటూ చూశాను.

పక్క స్టూలు మీద ముసలాయన మావైపే చూస్తున్నాడు. తల ఊపి, "ఓయాకోకో దేసు నే" అన్నాడు. తల్లిదండ్రుల్ని బాగా చూసుకుంటున్నావని అర్థం.

"ఏమంటుండు?" అన్నాడు నాన్న.

"బాగా రుద్దుతున్నానంటున్నాడు."

బయట రాళ్ల తొట్టి. చుట్టూ మేపుల్ చెట్లు, పైన ఆకాశం, నీళ్లు 41 డిగ్రీలు. నాన్నకి బీపీ ఉంది, అందుకే ఐదు నిమిషాలు దిగడం, గట్టు మీద కూర్చోవడం, మంచినీళ్లు తాగడం, మళ్లీ దిగడం. మీ పెద్దవాళ్లని తీసుకెళ్తే ముందు డాక్టర్ని అడగండి, తిన్న వెంటనే దింపొద్దు. నాన్న మెడదాకా మునిగి కళ్లు మూసుకున్నాడు. మొహం చూసుకోనవసరం లేకుండా పక్కపక్కన కూర్చుంటే అడగడం తేలికైంది.

"వీపు మీద అవేంటి నాన్నా?"

"బొగ్గు. పెళ్ల విరిగి పడింది. గాయం మానేటప్పుడు దుమ్ము లోపలుంటే అట్లనే నీలంగా ఉండిపోద్ది. చానామందికి ఉంటయ్."

"ఎప్పుడు?"

"నువ్వు పుట్టే ముందు, రెండు నెలలుందనగా. మీ అమ్మకి సైకిల్ మీంచి పడ్డానని చెప్పిన." కాసేపాగి, "కడుపుతో ఉంది కదా" అన్నాడు.

తర్వాత ఇంకా మాట్లాడాడు. ఆ రోజు పక్కనున్నవాళ్ల పేర్లు, వాళ్లలో ఇప్పుడు ఎవరున్నారు, ఎవరు లేరు. లోపల చీకట్లో ఎవరి దగ్గును బట్టి వాళ్లని ఎలా గుర్తుపట్టేవాళ్లో. మొత్తం ఒక ఇరవై నిమిషాలుంటుందేమో. నా ఫోన్ లాకర్లో ఉంది, ఆయనదీ అక్కడే.

భోజనం సంగతి అమ్మది. వచ్చింది శనివారం. శనివారం అమ్మ నీచు ముట్టదు, గుడ్డు కూడా. జపాన్‌లో కూరగాయల కూర అన్నది కూడా నమ్మకూడదు. చారు చాలావరకు దాషితో చేస్తారు, దాంట్లో ఎండబెట్టిన చేప తురుము ఉంటుంది. బుక్ చేసేటప్పుడే మెయిల్ పెట్టాను. తిరిగి వాళ్లే ప్రశ్నలడిగారు. దాషిలో చేప ఉన్నా వద్దా? ఉల్లి, వెల్లుల్లి పర్వాలేదా? ఒకే బల్ల మీద మిగతావాళ్లు చేప తింటే ఇబ్బందా? ఇంత వివరంగా మా ఆఫీసులో రిక్వైర్‌మెంట్స్ ఎవరూ అడగరు. అమ్మకోసం సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులతో వేరే చారు కాచారు. అరచేతంత గిన్నెలు పది పైనే వచ్చాయి. ప్రతిదీ ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని పెడుతుంటే అమ్మ సగం లేచి అందుకోబోయేది. ఐదో గిన్నెకి లేవడం మానేసింది. ఆవకాయ ప్యాకెట్టు మాత్రం పక్కనే పెట్టుకుంది. నాన్న పచ్చి చేప ముక్క ఎత్తి చూసి, "ఇది ఉడకలేదురా" అని నా పళ్లెంలో వేశాడు.

తినేసరికి పక్కగదిలో పరుపులు పరిచేశారు. "పక్కలు కూడా వాళ్లే వేశారా?" అంది అమ్మ, ఎవరూ వినకూడదన్నట్టు. తర్వాత మమ్మల్ని బయటికి పంపి, తలుపు వేసుకుని, సొంత తొట్టిలో గంటసేపుంది. బట్టలతో దిగకూడదని చెప్పాను. లోపల ఏం చేసిందో నేనడగలేదు. వచ్చాక, "భద్రాచలం దగ్గర గుండాలలో ఇట్లనే ఇసక తవ్వితే వేడినీళ్లు వస్తయంట, మీ నాన్న తీసుకపోతా తీసుకపోతా అని ఇన్నేళ్లాయె" అంది. నాన్న అప్పటికే నిద్రపోయాడు, లేదా నటించాడు.

ఆదివారం కోసం నా దగ్గర పెద్ద ప్లానే ఉంది, షీట్‌లో టైములతో సహా. రోప్‌వేలో ఒవాకుదానికి వెళ్లి, గంధకపు పొగల మధ్య ఉడికించే నల్ల గుడ్లు తినడం, ఒక్కటి తింటే ఏడేళ్ల ఆయుష్షు పెరుగుతుందంటారు. తర్వాత అషి సరస్సులో ఓడ. కానీ అక్కడి వాయువులు ఉబ్బసం, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లకి మంచివి కావని హెచ్చరికలుంటాయి. నాన్నకి చలికాలం దగ్గు తగ్గదు. రాత్రే ఆ షీట్ పక్కన పెట్టేశాను. పొద్దున ఆరింటికి ఆయనే లేపాడు. "ఇంకోసారి పోదామా?"

వెళ్లాం. ఈసారి వీపు తనే తిప్పాడు. నేను బోర్డు వైపు చూడలేదు.

బయల్దేరేటప్పుడు కౌంటర్ దగ్గర నాన్న నా పక్కనే నిలబడ్డాడు. బిల్లులో అన్నీ జపనీస్ అక్షరాలే. చివర్న ఒన్‌సెన్ పన్ను, మనిషికి 150 యెన్లు. స్నానానికి పన్నా అని నవ్వుతాడనుకున్నా. ఏమీ అనలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా అక్కడివాళ్లు వరసగా నిలబడి చేతులూపారు. నాన్న కూడా వెనక్కి తిరిగి ఊపుతూనే ఉన్నాడు.

"నిజం చెప్పు, ఎంతైంది?" అంది అమ్మ స్టేషన్ దగ్గరికొచ్చాక.

నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "పదిహేను వేలే. బిల్లు నేను చూసిన."

అక్షరాలు జపనీస్‌వే కానీ, అంకెలు అందరివీ.