సూపర్‌కొలైడర్ – లినక్స్‌లో నిర్మాణ దోషాలు, పరిష్కారాలు

సూపర్‌కొలైడర్ అనేది కోడు రాసి సంగీతాన్ని, ధ్వనులను సృష్టించడానికి ఉపయోగపడే స్వేచ్ఛా సాఫ్టువేరు. దీనిని జేమ్స్ మెక్‌కార్ట్నీ 1996లో విడుదల చేశాడు. 2002లో ఇది గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు కిందకు వచ్చింది. ధ్వనిని పుట్టించే సర్వరు, దానికి ఆదేశాలు పంపే భాష, కోడు రాసుకొనే ఎడిటరు అనే మూడు భాగాలు ఇందులో ఉన్నాయి. సోనిక్ పై, టైడల్ సైకిల్స్ వంటి సాఫ్టువేర్లు కూడా ధ్వని కోసం ఈ సర్వరునే వాడుకుంటాయి.

లినక్స్ పంపిణీలలో దీని ప్యాకేజీ సిద్ధంగా దొరుకుతుంది. అంతకంటే కొత్త సంచిక కావలసినవారు సోర్సు కోడు నుండి నిర్మించుకోవాలి. అప్పుడు ఎదురయ్యే దోషాలలో అధికభాగం ప్రోగ్రాములోని తప్పులు కావు, నిర్మించే కంప్యూటరులోని లోటుపాట్లు. దోషం ఏ దశలో వచ్చిందో గుర్తిస్తే కారణం తెలుసుకోవడం సులభం.

== నిర్మాణ దశలు ==

1. సేకరణ: సోర్సు కోడును దింపుకోవడం.
2. సన్నాహం: కావలసిన లైబ్రరీలు ఉన్నవో లేవో సీమేక్ అనే ఉపకరణం పరిశీలించడం.
3. కంపైలింగు: సీ++ ఫైళ్ళను ఒక్కొక్కటిగా యంత్రభాషలోకి మార్చడం.
4. లింకింగు: ఆ ముక్కలను, లైబ్రరీలను కలిపి ప్రోగ్రాముగా కూర్చడం.

== సందేశాన్ని చదివే పద్ధతి ==

తెరపై చివర కనిపించే వాక్యం పని ఆగిపోయిందని మాత్రమే చెబుతుంది. అసలు కారణం పైన, మొట్టమొదటి ‘ఎర్రర్’ అనే మాట దగ్గర ఉంటుంది. ‘వార్నింగ్’ అన్నవి సాధారణంగా పనిని ఆపవు. ఒకేసారి పలు ఫైళ్ళు కంపైల్ అవుతుంటే సందేశాలు కలగాపులగమవుతాయి. కనుక ఒక్కొక్క ఫైలు చొప్పున మళ్ళీ నడిపి, సందేశాలను ఒక ఫైలులో భద్రపరచుకొని చదవడం మంచిది.

== తరచుగా వచ్చే దోషాలు ==

'''సబ్‌మాడ్యూళ్ళ లోపం:''' సూపర్‌కొలైడర్ సోర్సులో ఇతర ప్రాజెక్టుల కోడు సబ్‌మాడ్యూళ్ళ రూపంలో ఉంటుంది. గిట్‌హబ్ నుండి జిప్ ఫైలుగా దింపుకుంటే అవి రావు. గిట్ ద్వారా సబ్‌మాడ్యూళ్ళతో సహా దింపుకోవాలి.

'''హెడరు ఫైలు దొరకకపోవడం:''' లైబ్రరీ ఉన్నా, దాని హెడరు ఫైళ్ళు వేరే ప్యాకేజీలో ఉంటాయి. ఆ ప్యాకేజీ పేరు చివర డెబియన్, ఉబుంటులలో ‘డెవ్’ అని, ఫెడోరాలో ‘డెవెల్’ అని ఉంటుంది. ముఖ్యంగా జాక్, ఆల్సా (ధ్వని ప్రసారం), లిబ్‌సండ్‌ఫైల్ (ధ్వని ఫైళ్ళు చదవడం), ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ (ఫోరియర్ గణితం) లైబ్రరీలకు ఇవి అవసరం.

'''క్యూటీ సమస్య:''' ఎడిటరుకు క్యూటీ లైబ్రరీ కావాలి. అది లేకున్నా, పాతదైనా సన్నాహ దశలోనే పని ఆగుతుంది. ఎడిటరు అక్కరలేనివారు సీమేక్‌కు ఇచ్చే ఐచ్ఛికాలలో ఎడిటరును, క్యూటీని నిలిపివేసి సర్వరును, భాషను మాత్రమే నిర్మించుకోవచ్చు.

'''పాత జ్ఞాపకం:''' సీమేక్ తన పరిశీలన ఫలితాలను ఒక క్యాషె ఫైలులో దాచుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమును నవీకరించిన తరువాత కూడా పాత కంపైలరు, పాత లైబ్రరీల చిరునామాలు అందులో మిగిలిపోవచ్చు. నిర్మాణ ఫోల్డరును తొలగించి మొదటినుండి ప్రారంభించాలి.

'''మెమొరీ చాలకపోవడం:''' ‘కిల్డ్’ అనే మాటతో కంపైలరు ఆగిపోతే, మెమొరీ నిండినందువలన లినక్స్ కెర్నెల్ దానిని ఆపివేసి ఉండవచ్చు. ఒకేసారి ఒకే ఫైలును కంపైల్ చేయడం, స్వాప్ స్థలాన్ని పెంచడం దీనికి ఉపాయాలు. పాత కంప్యూటర్లలో సమయం ఎక్కువ పట్టినా పని పూర్తవుతుంది.

'''లింకింగు దోషం:''' ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని వస్తే, ఒకే లైబ్రరీ రెండు సంచికలలో ఉండి, హెడరు ఒకదానిది, లైబ్రరీ మరొకదానిది తగులుకున్నదేమో చూడాలి.

== నిర్మాణం తరువాత పరీక్ష ==

దోషం లేకుండా నిర్మాణం ముగిసినా శబ్దం రాకపోవచ్చు. జాక్ సర్వరు నడుస్తున్నదో లేదో, వాడుకరికి ‘ఆడియో’ సమూహంలో సభ్యత్వం ఉన్నదో లేదో చూడాలి. పైప్‌వైర్ ఉన్న కొత్త పంపిణీలలో జాక్ పనిని అదే నిర్వహించగలదు.

సంగీత విద్యార్థులు మాయామాళవగౌళ ఆరోహణను పరీక్షగా వాడుకోవచ్చు. షడ్జమాన్ని 0గా తీసుకొని అర్ధస్వరాలలో లెక్కిస్తే శుద్ధ రిషభం 1, అంతర గాంధారం 4, శుద్ధ మధ్యమం 5, పంచమం 7, శుద్ధ ధైవతం 8, కాకలి నిషాదం 11, పై షడ్జమం 12 అవుతాయి. ఈ ఎనిమిది అంకెలను వరుసగా పలికించినప్పుడు స్వరాలు స్పష్టంగా వినబడితే భాష, సర్వరు, ధ్వని మార్గం మూడూ సరిగా పనిచేస్తున్నట్లే.