ఇంటి చెమ్మ: మూలం తెలియనిదే మరమ్మతు లేదు

వర్షాకాలం ముగిసే వేళకు మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల కుటుంబాల నుండి ఏటా మాకు ఒకే తీరు ప్రశ్న అందుతూ ఉంటుంది. "మా సెల్లారులో నేల చెమ్మగా ఉంటోంది. ఆ నీరు ఎక్కడి నుండి వస్తున్నదో తెలియదు. అక్కడ జానిమాజ్ పరచుకుని నమాజు చేయవచ్చునా?" అన్నది ఆ ప్రశ్న సారాంశం.

ధర్మశాస్త్రం దీనికిచ్చే సమాధానం క్లుప్తమైనది. వాన నీరు, బోరు నీరు, సంపు నీరు పరిశుద్ధమైనవి. వాటితో తడిసిన నేల అపరిశుద్ధం కాదు. మరుగుదొడ్డి పైపు నుండి గానీ, సెప్టిక్ ట్యాంకు నుండి గానీ మురుగు ఊరుతున్నదని రూఢి అయితే మాత్రం ఆ చోటు అపరిశుద్ధమే. దానిని శుద్ధి చేయకుండా అక్కడ నమాజుకు నిలబడరాదు. కేవలం అనుమానంతో శుద్ధమైన నేలను అశుద్ధమని తీర్మానించడమూ తగదు. అయితే పరీక్షించి తేల్చుకోగల విషయాన్ని ఏళ్ల తరబడి అనుమానంలోనే వదిలివేయడం వివేకం అనిపించుకోదు. కనుక నమాజు ప్రశ్న అడిగిన ప్రతి ఇంటివారినీ మేము తిరిగి ఒక ప్రశ్న అడుగుతాము: ఆ నీటి మూలం ఎక్కడ?

మూలాన్ని వెదకవలసిన అవసరం నమాజు కోసమే కాదు. చెమ్మ ఉన్న చోట బూజు పెరుగుతుంది. తేమ, బూజు నిండిన ఇళ్లలో నివసించేవారికి దగ్గు, ఆయాసం, ఉబ్బసం వంటి శ్వాస సంబంధ బాధలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. సెల్లారు గదులలో నిద్రించేది తరచుగా వృద్ధులూ, చదువుకునే పిల్లలూ. ఆ బాధ మొదట వారికే చేరుతుంది.

ఈ నేల స్వభావం

నాగపూర్ జాతీయ రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట. రెండూ బాహ్య వలయ రహదారికి ఆనుకుని ఉన్నవే. పాతికేళ్ల క్రితం వరకు ఇక్కడ చెరువుల కింద వరి మళ్లు, మిట్టల మీద మెట్ట చేలు, మధ్యలో గుండ్రాళ్ల గుట్టలు కనిపించేవి. నేడు ఆ మళ్లలోనే వెంచర్లు వెలిశాయి. పటంలో కాలువ చెరిగిపోయినా నీరు తన పాత దారిని మరచిపోదు.

ఇక్కడి నేలలో పైన ఎర్రమన్ను, దాని కింద మొరం, ఆ కింద గట్టి గ్రానైటు బండ. వాన నీరు మన్నులోనూ మొరంలోనూ తేలికగా ఇంకుతుంది. బండను తాకగానే ఆగిపోయి, దాని వాలు వెంబడి, పగుళ్ల గుండా మెల్లగా ప్రవహిస్తుంది. సెల్లారు కోసం ఆ బండను తొలచినప్పుడు ఏర్పడేది ఒక రాతి తొట్టి. చుట్టూ ఉన్న మొరంలోని నీరంతా ఆ తొట్టి వైపే మళ్లుతుంది. వానలు వెనుకపట్టి ఆకాశం నిర్మలమైన తరువాత కూడా కొన్ని సెల్లార్లలో నవంబరు, డిసెంబరు వరకు నీరు ఊరుతూనే ఉండటానికి కారణం ఇదే.

నీరు వచ్చే అయిదు దారులు

మొదటిది, పైనీరు. మిద్దె మీది వాన నీరు గొట్టం గుండా దిగి గోడ మొదట్లోనే పడటం, ముంగిలి వాలు ఇంటి వైపే ఉండటం దీనికి కారణాలు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 5 సెంటీమీటర్ల వాన కురిస్తే 5,000 లీటర్ల నీరు చేరుతుంది. ఒక చిన్న ట్యాంకరు నీటిని పునాది పక్కన కుమ్మరించినట్లే.

రెండవది, మనం పైన వివరించిన భూగర్భ జలం. మూడవది, కేశాకర్షణ. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇటుక గోడ నేలలోని తేమను పైకి పీలుస్తుంది. పునాది మీద తేమను అడ్డగించే పొర వేయనప్పుడు, లేదా అది చెడినప్పుడు ఇలా జరుగుతుంది. ఈ తేమ సాధారణంగా మీటరు ఎత్తు దాటదు. అది ఆగిన చోట గోడ మీద ఒక గీత, తెల్లని ఉప్పు పొడి, ఊడిన పెచ్చులు కనిపిస్తాయి.

నాలుగవది, ఇంటి నీరే. సంపు, మరుగుదొడ్డి పైపులు, సెప్టిక్ ట్యాంకు, గోడలో పాతిన గొట్టాలు దీని నెలవులు. అయిదవది, గాలిలోని ఆవిరి. జూలై, ఆగస్టు మాసాల తేమ గాలి చల్లని సెల్లారులోకి వచ్చినప్పుడు మంచినీటి చెంబు మీద పట్టినట్లే గోడల మీద నీటి బిందువులు పడతాయి. ఇక్కడ ఎక్కడా కారుడు లేదు. అయినా గోడ తడుస్తుంది.

ఎలా కనుగొనాలి?

ఖర్చు లేని మొదటి సాధనం తేదీల పట్టిక. గోడ ఎప్పుడు తడిసింది, వాన ఎప్పుడు కురిసింది అన్నది ఒక వర్షాకాలమంతా రాసి ఉంచాలి. వాన కురిసిన కొన్ని గంటలలోనే తడిస్తే అది పైనీరు. కొన్ని రోజులకు మొదలై వారాల తరబడి నిలిస్తే భూగర్భ జలం. మే నెల ఎండలలోనూ తగ్గకపోతే ఇంటి గొట్టాలనో, సంపునో శంకించాలి. వాన లేకున్నా ఉక్కపోత దినాలలోనే తడిస్తే అది గాలిలోని ఆవిరి.

రెండవది పాలిథిన్ పరీక్ష. గోడను గుడ్డతో తుడిచి, అరమీటరు పొడవూ వెడల్పూ గల పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో బిగించి రెండు రోజులు వదిలివేయాలి. నీటి బిందువులు మన వైపు పడితే అది గదిలోని గాలి తేమ. పొరకూ గోడకూ నడుమ పడితే గోడ లోపలి నుండి వస్తున్న నీరు.

మూడవది సంపు పరీక్ష. రాత్రి మోటారు ఆపి, సంపులోకి నీరు వచ్చే దారి కూడా మూసివేసి, నీటి మట్టం వద్ద గుర్తు పెట్టాలి. ఉదయం మట్టం దిగి ఉంటే సంపు కారుతున్నదని అర్థం. నాలుగవది రంగు పరీక్ష. మరుగుదొడ్డిలో ముదురు రంగు కలిపిన నీటిని పోసి, సెల్లారు గోడ మీద ఆ రంగు తేలుతుందేమో రెండు మూడు రోజులు చూడాలి. రంగు తేలితే సాక్ష్యం దొరికినట్లే. తేలకపోతే మాత్రం అది ఒక్కటే నిర్దోషిత్వానికి నిదర్శనం కాదు. మిగతా పరీక్షలతో కలిపి చూడాలి.

ఒక గోడ, రెండు కుటుంబాలు

ఈ పరీక్షల విలువ ఎంతటిదో శామీర్‌పేట వైపు ఒక ఇంటి ఉదంతం తెలియజేస్తుంది. ఆ ఇంటి పెద్ద తమ సెల్లారులోని గదిని సాయంకాలపు మక్తబ్ కోసం ఇచ్చారు. చిన్నారులు చాపల మీద కూర్చుని ఖుర్ఆన్ పాఠం నేర్చుకునేవారు. రెండేళ్లలో ఒకవైపు గోడ నెమ్మెక్కి, పెచ్చులూడి, చాపలకు బూజు పట్టింది. దగ్గుతో పిల్లలు రావడం తగ్గింది. ఆ గోడకు ఆవల పక్కింటి సెప్టిక్ ట్యాంకు ఉంది. దోషం దానిదేనని అందరూ తీర్మానించుకున్నారు. మాటామాటా పెరిగి రెండు ఇళ్ల మధ్య సలాం కూడా నిలిచిపోయింది. ఈలోగా చందా సొమ్ముతో గోడకు రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ రంగు వేయించారు. అది నిలవకపోయేసరికి టైల్స్ అతికించారు. చెమ్మ టైల్స్ పై అంచు దాటి ఇంకా ఎత్తుకు ఎగబాకింది.

మధ్యవర్తిత్వానికి మమ్మల్ని పిలిచినప్పుడు మేము కోరింది ఒక్కటే: తీర్పుకు ముందు విచారణ జరగాలి. ఆ వీధిలోని సివిల్ ఇంజనీరింగు చదివిన యువకుడొకడు పక్కింటివారి అనుమతి అడిగి, వారి మరుగుదొడ్డిలో రంగు నీరు పోయించాడు. గోడ మీద రంగు తేలలేదు. ఆ రాత్రి ఈ ఇంటి సంపులో గుర్తు పెట్టాడు. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల సంపు అది. తెల్లవారేసరికి మట్టం 2 సెంటీమీటర్లు దిగింది. అంటే ఒక్క రాత్రిలో 120 లీటర్లు నేలలో కలిశాయి. రోజూ నీరు నింపుకుంటూ ఉండటం వల్ల ఆ తరుగు ఎవరి కంటా పడలేదు. సంపును ఖాళీ చేసి కొన్నాళ్లు డ్రమ్ములతో గడిపారు. రెండవ వారానికి గోడ రంగు తేలికపడసాగింది. గొట్టం సంపు గోడలోకి దూరిన చోట పగులు కనిపించింది.

దానిని పూడ్చడానికి అయిన ఖర్చు టైల్స్ ఖర్చులో చిన్న భాగం మాత్రమే. ఇంటి పెద్ద పక్కింటికి స్వయంగా వెళ్లి క్షమాపణ కోరారు. గోడ బాగయింది. దానికన్నా ముందు రెండు ఇళ్ల మధ్య సలాం తిరిగి మొదలయింది.

మరమ్మతు క్రమం

మూలం తేలిన తరువాత పని బయటి నుండి లోపలికి, చవకైన దాని నుండి ఖరీదైన దానికి సాగాలి. మిద్దె గొట్టాల నీరు గోడకు 2, 3 మీటర్ల దూరంలో పడేటట్లు మళ్లించాలి. గోడ చుట్టూ నేల మొదటి 3 మీటర్లలో 15 సెంటీమీటర్లైనా బయటి వైపు వాలుగా ఉండాలి. చప్టాకూ గోడకూ నడుమ విడిన సందును పూడ్చాలి. ఇంకుడు గుంత ఎంతో మేలైనది. కానీ సెల్లారు గోడ పక్కనే తవ్వితే అది గోడకే నీరు పడుతుంది. ఇంటికి దిగువ వైపున, వీలైనంత దూరంగా దానిని తవ్వాలి.

సంపు కారుతుంటే ఖాళీ చేసి, పాకుడు గీకి, పగుళ్లను వెడల్పు చేసి గట్టి సిమెంటు మాలుతో పూడ్చి, మూలలను గుండ్రంగా తీర్చి, తాగునీటికి హాని చేయని వాటర్‌ప్రూఫ్ పూత వేయించాలి. సెప్టిక్ ట్యాంకు పగిలితే లోపలికి ఎవరినీ దింపరాదు. అందులోని విషవాయువులు క్షణాలలో ప్రాణం తీస్తాయి. యంత్రంతో ఖాళీ చేయించి, శిక్షణ పొందినవారి చేతనే పని జరిపించాలి.

భూగర్భ జలం విషయంలో లోపలి రంగును నమ్ముకోరాదు. గోడ వెనుక ఒక మీటరు ఎత్తున నీరు నిలిస్తే అడుగు భాగంలో చదరపు మీటరుకు సుమారు 1,000 కిలోల ఒత్తిడి పడుతుంది. ఏ రంగు పొరా దానిని చిరకాలం ఆపలేదు. ఆ నీటికి దారి చూపడమే ఉపాయం. నేల అంచుల వెంట కాలువ తీసి, చిల్లుల గొట్టం వేసి, చుట్టూ కంకర నింపి, మన్ను చేరకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టి, చిన్న గుంతలోకి మళ్లించాలి. నీరు నిండగానే దానంతట అదే నడిచే పంపును అక్కడ అమర్చాలి. వాన రాత్రులలోనే కరెంటు పోతుంది గనుక ఇన్వర్టరు ఏర్పాటు కూడా అవసరం. సెల్లారులో నీరు నిలిచి ఉంటే మెయిన్ స్విచ్ ఆపనిదే అడుగు పెట్టరాదు.

కేశాకర్షణకు గోడ అడుగున వరుసగా రంధ్రాలు చేసి నీటిని వికర్షించే రసాయనం ఎక్కించే పద్ధతి ఉంది. ఉప్పు పట్టిన పాత గిలాబును పూర్తిగా తొలగించాలి. గోడ ఆరడానికి అంగుళం మందానికి సుమారు ఒక నెల పడుతుందని అనుభవజ్ఞులు లెక్కిస్తారు. తొమ్మిది అంగుళాల గోడ ఆరకముందే రంగు పూస్తే సొమ్ము వృథా. ఆవిరి సమస్యకు తేమ గాలి వీచే వేళ కిటికీలు మూసి, పొడి గాలి వీచే వేళ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను నడపాలి. పరుపులను, బీరువాలను, గ్రంథాలను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా ఉంచాలి.

కట్టక ముందు, నీరు వదిలే ముందు

స్థలం కొనదలచినవారు చెరువు పూర్తి నీటిమట్టపు హద్దును హెచ్‌ఎండీఏ పటాలలో చూడాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుండి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటల నుండి 9 మీటర్లు వదలాలి. ఆ హద్దులో సెల్లారు తవ్వడమంటే చెరువును ఇంట్లోకి ఆహ్వానించడమే.

పంపుతో తోడిన నీటిని ఎక్కడ వదులుతున్నామన్నది కూడా ఆలోచించాలి. మన సెల్లారు ఆరడం కోసం పొరుగువారి పునాదిని తడపడం మరమ్మతు కాదు, అది వారి హక్కును హరించడం. వాన నీటి కాలువ ఉంటే దానిలోకి, లేకుంటే దిగువన దూరంగా తవ్విన ఇంకుడు గుంతలోకి దానిని పంపాలి.

పరిశీలనకు వర్షాకాలం, పనికి వేసవికాలం తగినవి. ఈ ఏడాది తేదీల పట్టిక రాసి ఉంచిన ఇంటివారు వచ్చే మార్చిలో మేస్త్రీని పిలిచినప్పుడు ఏమి చేయాలో అతడిని అడగనవసరం లేదు. ఎక్కడ తవ్వాలో వారే చూపగలుగుతారు.