కలుపును మేసే నీలి పురుగు

టెక్కలి, పలాస వైపు వంశధార నీళ్లు పారే వరి మళ్లలో పసుపు పూలు పూసి, లవంగాల్లాంటి కాయలు కాసే కలుపు ఒకటి కనబడితే దాని ఆకులు ఒకసారి చూడండి. శాస్త్రజ్ఞులు ఆ మొక్కను లుడ్విజియా అంటారు. ఆకులకు చిల్లులు పడి ఉంటే మందు పంపు భుజానికెత్తుకునే ముందు ఆగండి. నీలంగా మెరిసే, అర సెంటీమీటరు పొడవైనా ఉండీ ఉండని ఆల్టికా సయానియా అనే పెంకుపురుగు ఆ కలుపును మేస్తూ ఉండవచ్చు.

ముట్టుకోబోతే గెంతిపోతుంది. వెనక తొడలు లావు, వాటి లోపల గట్టి స్ప్రింగు ఉంటుంది. కండరాలు దాన్ని బిగించి వదలగానే పురుగు ఎగిరిపడుతుంది. పిల్లా పెద్దా తినేది ఆకులే. ఆల్టికా ప్రజాతిలో చాలా జాతులు ఒక మొక్కనో, దాని దగ్గరి చుట్టాలనో తప్ప మరొకటి ముట్టవు. కలుపు మీదికి పంపే పురుగుకు ఉండాల్సిన మొదటి అర్హత ఈ పట్టింపే. 1980లలో బెంగాల్ పరిశోధకులు ఈ పురుగు తిండి అలవాట్లు పరీక్షించి, లుడ్విజియాను అదుపు చేయడానికి పనికొస్తుందన్నారు.

దీని చుట్టం అగాసిక్లిస్‌ను 1960లలో దక్షిణ అమెరికా నుంచి అమెరికాకు తెచ్చి, కాలువలు పూడ్చేస్తున్న ఆలిగేటర్ కలుపు మీద వదిలారు. నీటి కలుపు మీదికి మనుషులు పంపిన మొదటి పురుగు అదే. వెచ్చటి ప్రాంతాల్లో బాగా పనిచేసింది, చలి చోట్ల నిలవలేదు.

మన దేశంలో ఆ పాత్ర ఇదే కుటుంబానికి చెందిన, గెంతని మెక్సికన్ పెంకుపురుగుది. వయ్యారిభామ కోసం 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చి, మరుసటి ఏడు వదిలారు. తర్వాత అది సూర్యకాంతి ఆకుల మీద కనబడేసరికి రైతులు బెదిరిపోయారు. కేంద్రం నిపుణులతో విచారణ జరిపించింది. పంటకు ముప్పు లేదని తేలాకే ఆ భయం తగ్గింది. అంత జాగ్రత్త అవసరమే. వదిలిన పురుగును వెనక్కి పిలవలేం.

కిడ్నీ జబ్బు ఇంటింటినీ వణికించిన ఉద్దానంలో, దాని కారణం ఇంకా తేలకపోయినా, నేల మీద పడే మందు చుక్క ఎంత తగ్గితే అంత మేలని నా గట్టి నమ్మకం. ఈ మెక్సికన్ పురుగు ఎండాకాలమంతా మట్టిలో నిద్రపోయి, తొలకరికి పైకొస్తుంది. అక్కడి జీడితోటల్లో టీ దోమకు మందు కొట్టేది ఎక్కువగా చిగురు, పూత వేళల్లో, చలికాలంలో. అప్పటికి మెక్సికన్ పురుగు చాలావరకు నేలలోకి దిగిపోయి ఉంటుంది. కాబట్టి కాపాడాల్సింది వానాకాలంలోనే. జూన్ నుంచి అక్టోబరు దాకా గట్ల మీద, రోడ్డు పక్కన వయ్యారిభామ ఆకులు కొరికి ఉంటే అక్కడ మందు కొట్టకండి. పురుగు లేని చోట పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకేయండి.