పాత దుర్భిణికి గిరాకీ ఎందుకు?

రైఫిల్ పోటీలో గురి చూసి కొట్టడం ఒక ఎత్తు. కొట్టింది ఎక్కడ తగిలిందో తెలుసుకోవడం ఇంకో ఎత్తు. పాయింట్ 22 రైఫిల్ గుండు సుమారు 5.6 మి.మీ. లావే ఉంటుంది. 50 మీటర్ల నుంచి ఆ చిల్లు మామూలు కంటికి ఏం కనపడుతుంది? కనపడకపోతే రెండో గుండూ అదే తప్పు చోటికి పోతుంది. అందుకే షూటర్ పక్కన స్టాండు మీద ఒక దుర్భిణి పెట్టుకుంటాడు. దాని పేరు స్పాటింగ్ స్కోప్. మన పాఠంలోని కుంభాకార కటకమే దీనికి ప్రాణం. 20 రెట్లు పెంచి చూపిస్తే, 50 మీటర్ల అవతలి టార్గెట్ రెండున్నర మీటర్లలో ఉన్నట్టే!

అమెరికా షూటర్లు చాలా ఏళ్లు వాడిన రకం బుష్నెల్ స్పేస్‌మాస్టర్. దాని వస్తు కటకం 60 మి.మీ. అక్షి కటకాన్ని మార్చుకోవచ్చు. ఇలాంటి పాతవాటిని ఇప్పటికీ వెతికి కొంటున్నారు. ఎందుకంటారా? టార్గెట్ దూరం పెరగలేదు, చిల్లు చిన్నదవలేదు. మంచి గాజు, గట్టి గొట్టం ఉంటే చాలు. బ్యాటరీతో పనే లేదు.

ఇంకో ఉపయోగం ఉంది. ఫోకస్‌ను టార్గెట్‌కు కొంచెం ఇవతలికి తెస్తే, ఎండకు నేల మీంచి లేచే వేడి అలలు కనిపిస్తాయి. అవి ఎటు పారితే గాలి అటు వీస్తోందన్నమాట. నిట్టనిలువుగా లేస్తుంటే పక్కగాలి లేనట్టే.

అయితే కొనేముందు లోపల చూడాలి. తేమకు కటకం మీద బూజు పడితే బొమ్మ మసకబారుతుంది. దుమ్మును మెత్తని కుంచెతో దులిపాకే బట్టతో తుడవాలి. లేకపోతే గీతలు పడతాయి. ఇలా జాగ్రత్తగా చూసుకున్న దుర్భిణి తాత వాడినా మనవడికి పనికొస్తుంది.