మలుగుల కాలువ

కాలువ యనగానే మనకు వరిచేను జ్ఞప్తికి వచ్చును. ఆనకట్ట, లాకు, పంటబోదె, గట్టుమీది కొబ్బరిచెట్లు. చేపను సాకుటకై త్రవ్విన కాలువ యొకటి యుండునని మనము సాధారణముగా తలపము. అట్టివి ఆస్ట్రేలియా ఖండపు ఆగ్నేయమున, విక్టోరియా రాష్ట్రమున కలవు. వానిలో ఒకదాని నిర్మాణము 6,600 ఏండ్ల నాటిదని పురాతత్త్వజ్ఞులు 2012లో ప్రకటించిరి. ఈజిప్టు మహాపిరమిడు అప్పటికి పునాదిలోనైన లేదు.

ఆ సీమ గుండిట్జ్‌మరా జాతివారిది. అచ్చటి అగ్నిపర్వతము పేరు బుజ్ బిమ్. 'ఉన్నత శిరస్సు' అని యర్థము. కొండ తమ మూలపురుషుని నుదురనియు, లావారాళ్లు ఆయన పండ్లనియు వారి విశ్వాసము. సుమారు 37,000 ఏండ్ల క్రిందట ఆ కొండ ప్రేలి, కరగిన రాయి సముద్రమువరకు పారి గడ్డకట్టెను. వాగులు దారి తప్పినవి. చిత్తడినేలలును, తే రాక్ అను సరస్సును ఏర్పడినవి.

ఆ నల్లరాతినే పగులగొట్టి వారు కాలువలు తీసిరి, రాళ్లు పేర్చి అడ్డుకట్టలు కట్టిరి, మడుగులు కూర్చిరి. ఇదంతయు పామువలె పొడవైన మలుగుచేప కొరకు. వారు దానిని కూయాంగ్ అందురు. అది దూరమున పగడాల సముద్రమున పుట్టి, పసితనముననే ఏటి మంచినీటికి చేరి, పెక్కేండ్లు పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై మరల సముద్రమునకే పోవును. వరదనీరు పొంగినపుడు కాలువలు దానిని మడుగులలోనికి మళ్లించును. నీరు తీసినపుడు అది అచ్చటనే నిలుచును. నీరు జారు సందున గడ్డితో అల్లిన పొడవాటి బుట్ట నుంచుదురు. బోదెకు అడ్డముగా మావు పెట్టుట చూచిన పల్లెటూరి విద్యార్థికి ఈ తంత్రమును నేను వేరుగా వివరింపనక్కరలేదు.

ఆస్ట్రేలియా ఆదిమవాసులు ఇల్లు వాకిలి లేక వేటాడుచు తిరుగువారని నా చిన్ననాటి పాఠ్యపుస్తకమున చదివితిని. ఆ వాక్యమును కంఠస్థము చేసి మార్కులు సంపాదించితిని కూడ. ఆ కాలువల ప్రక్కనే రాతిగోడల యిండ్ల ఆనవాళ్లు నేటికిని కలవు.

1840 ప్రాంతమున తెల్లవారు గొఱ్ఱెలమందలతో వచ్చిరి. భూమికై పోరాటము జరిగి ఎందఱో హతులైరి. 1867లో మిగిలినవారికై క్రైస్తవ మిషను వెలసెను. 1919లో అదియు మూతపడెను. ఈలోపల, పొలము కొరకు సరస్సు నీటిని కాలువ తీసి వెళ్లగొట్టిరి. నీరు లేని కాలువను చూచినవాడు రాళ్లకుప్ప యనునే కాని కాలువ యనడు. ప్రకృతియే అట్లు పేర్చినదని వాదించిన పండితులును లేకపోలేదు. అయినను ముసలివారు బుట్టలల్లుట మానలేదు, పిల్లలకు చెప్పుట మానలేదు. నా దృష్టిలో ఆ కాలువను నిజముగా కాచినది ఆ బుట్టయే.

1981లో ఇద్దరు గుండిట్జ్‌మరా స్త్రీలు దేశపు అత్యున్నత న్యాయస్థానము నెక్కిరి. పోర్ట్‌లండున అల్యూమినియము కర్మాగారము కట్టబోవు చోట తమ పూర్వుల గుర్తులు కలవనియు, వానిని కాపాడుకొనుటకై వ్యాజ్యము వేయు హక్కు తమకు కలదనియు వారి వాదము. ఆ హక్కు కలదని తీర్పు వచ్చెను. 1987లో మిషను భూములు వారి చేతికి మరల వచ్చినవి; 2007లో ఆ సీమపై వారి స్వాభావిక హక్కును న్యాయస్థానము గుర్తించెను. జాతి పెద్దలును పురాతత్త్వజ్ఞులును కలసి నడచి, రాయి రాయికిని పటము గీసిరి.

భూమి వచ్చినను నీరు రాలేదు. అది 2010లో వచ్చెను: క్రొత్త అడ్డుకట్ట పూర్తియై, ఎండిన తే రాక్ మరల నిండెను. 2019 జులైలో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ బుజ్ బిమ్‌ను ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించెను. కేవలము ఆదిమవాసుల సంస్కృతిని బట్టియే ఆస్ట్రేలియాలో ఆ గౌరవము పొందిన మొదటి స్థలమిది.

ఆ సంవత్సరాంతముననే కార్చిచ్చు ఆ సీమను చుట్టుముట్టెను. ఎత్తైన గడ్డియు పొదలును కాలిపోయిన పిదప, బూడిదలో, అంతకుముందెవ్వరును గమనింపని కాలువ యొకటి, సుమారు 25 మీటర్ల పొడవున, బయటపడినది.